బావగారు రాయించిన పాలసీ: ఉంచుకోవాలా, వెనక్కి ఇచ్చేయాలా?

జాకెట్టుమిషన్, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను. పెళ్లిళ్ల రోజుల్లో నెలకు 10 వేల దాకా వస్తుంది. మూఢం వచ్చిందంటే నాలుగు వేలు కూడా గగనమే. మా ఆయనకు సొంత లగేజీ ఆటో ఉంది, పాతపట్నం, టెక్కలి వైపు తిరుగుతారు. ఖర్చులు పోను ఇద్దరిదీ కలిపి నెలకు 6 వేలు మిగలాలి. లెక్క ప్రకారం అంతే, కానీ చేతిలో డబ్బు కనిపిస్తే ఎవరో ఒకరు చేబదులు అడుగుతారు, మేం ఇచ్చేస్తాం. బ్యాంకులో 1,10,000 ఉంది. పాపకు ఏడేళ్లు.

అసలు సంగతికి వస్తాను. పాతపట్నంలో ఉండే మా బావగారు, అంటే మా ఆయనకు పెదనాన్నగారి అబ్బాయి, ఇన్సూరెన్స్ ఏజెంటు. ఈమధ్య ఇంటికొచ్చి పాప పేరు మీద పాలసీ రాయించారు. ఏడాదికి 30 వేల చొప్పున 15 ఏళ్లు కట్టాలి, ఇరవయ్యో ఏట 8 లక్షల 70 వేలు వస్తుందట. "కట్టేది నాలుగున్నర లక్షలు, వచ్చేది దగ్గర దగ్గర రెట్టింపు, ఇక పిల్ల పెళ్లి గురించి మీరు ఆలోచించక్కర్లేదు" అన్నారు. మా ఆయన మొహమాటానికి సంతకం పెట్టేశారు. మొదటి 30 వేలు కట్టేశాం.

నేనూ నోరెత్తలేదు. ఎందుకో చెబితే నవ్వుతారు. ఆయన చూపించిన కాగితం తెలుగులో ఉంది. నాది ఒడియా మీడియం చదువు, తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. ఇక్కడ ఏ ఫారం చూసినా ఒడియానో ఇంగ్లీషో. మన భాషలో మన మనిషే చెబుతుంటే ఇంకేం అడగాలనిపించలేదు.

బాండు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఒకటే టెన్షన్. 2012లో మా నాన్న 80 వేలు ఒక డిపాజిట్ కంపెనీలో పెట్టారు. అప్పుడూ పెట్టించింది మన మనిషే, పక్కింటాయన. మరుసటి ఏడాది ఆఫీసుకు తాళం పడింది. ప్రభుత్వం కమిషన్ వేసిందంటే నాన్న ఫారాలు నింపి ఇచ్చారు, రూపాయి చేతికి రాలేదు. ఆ సర్టిఫికెట్టును లామినేషన్ చేయించి ఇప్పటికీ బీరువాలో దాచుకున్నారు.

ఇదీ అలాంటిదేనా? కట్టిన 30 వేలు వదిలేసుకుని మానేయడం మంచిదా? మా వీధిలో లక్ష రూపాయల చీటీ కూడా మొదలవుతోంది, 20 నెలలు, నెలకు 5 వేలు. అందులో చేరితే ఎలా ఉంటుంది?

తపాలా తాత, రాయగడ:

అమ్మా, నేను పోస్టాఫీసులో చేసి రిటైరైనవాణ్ణి. మిగతావన్నీ తర్వాత, ముందు ఒకటి చెప్పండి. బాండు మీ చేతికి ఏ తారీఖున అందింది? ఆ కవరు పారేయకండి. అందిన రోజు నుంచి 30 రోజుల లోపు "నాకు ఈ పాలసీ వద్దు" అని రాసిచ్చి వెనక్కి ఇచ్చేయవచ్చు. దీన్ని ఫ్రీ లుక్ అంటారు. స్టాంపు ఖర్చు, అన్ని రోజులు కవరేజి ఇచ్చినందుకు కొంచెం కోసుకుని మిగతాది తిరిగి ఇస్తారు. ఏజెంటును అడగాల్సిన పని లేదు, కంపెనీ బ్రాంచిలోనే ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. గడువు దాటితే ఇంత సులువుగా తెమలదు.

మీ నాన్నగారి కంపెనీ వేరు, ఇది వేరు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఐఆర్‌డిఏఐ అనే ప్రభుత్వ నియంత్రణ సంస్థ అజమాయిషీ ఉంటుంది. రాత్రికి రాత్రి తాళం వేసుకుని పోయే బాపతు కాదు, ఆ భయం వద్దు. కాకపోతే డబ్బు పోకపోవడం వేరు, పెరగడం వేరు. మీరు చెప్పిన అంకెలు కాగితం మీద వేసి చూశాను. వడ్డీ దాదాపు 5 శాతం పడుతోంది. "రెట్టింపు" అంటే చెవికి బాగుంటుంది, ఇరవై ఏళ్లకు రెట్టింపు అంటే ఇంతే మరి.

అదే 30 వేలు పాప పేరున సుకన్య సమృద్ధిలో, అంటే ఆడపిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన పొదుపు పథకంలో, ఏటా వేస్తే, అక్కడా కట్టేది 15 ఏళ్లే. ఇప్పుడున్న 8.2 శాతం ఇలాగే సాగితే 21 ఏళ్లకు 14 లక్షలు దాటుతుంది. ఒక ఏడాది ఎక్కువ ఆగుతున్నామనుకోండి, అయినా ఎంత తేడా ఉందో చూడండి. వడ్డీ రేటు మూడు నెలలకోసారి ప్రకటిస్తారు, మారవచ్చు. పాపకు పదేళ్లు నిండకముందే ఖాతా తెరవాలి, మీకు ఇంకా టైముంది. పద్దెనిమిదేళ్లు నిండాక గానీ, పదో తరగతి అయ్యాక గానీ చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. ఏ నెల వేసినా ఐదో తారీఖు లోపు వెయ్యండి. ఐదు నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న తక్కువ మొత్తం మీదే ఆ నెల వడ్డీ లెక్కకడతారు. కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ ఆరో తారీఖున పరుగెత్తుకొచ్చేవాళ్లను చూసి అయ్యో అనుకునేవాణ్ణి.

ఇక నన్ను ఎక్కువ కలవరపెట్టిన సంగతి. పాలసీ పాప ప్రాణం మీద రాశారు. ఆటో నడిపేది పాప కాదు కదమ్మా! రేపు మీ ఆయనకు ఏమన్నా అయితే ఏటా ఆ 30 వేలు ఎవరు కడతారు? ప్రీమియం మాఫీ రైడర్, అంటే కట్టే మనిషి పోతే మిగతా వాయిదాలు కట్టక్కర్లేదనే అదనపు షరతు, ఉందేమో బాండులో వెతకండి. ఉన్నా లేకపోయినా బ్యాంకుకు వెళ్లి ఇద్దరూ రెండు ఫారాలు నింపండి. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు, ఎలా పోయినా 2 లక్షలు. సురక్ష బీమాకు 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలోంచి కోసుకుంటారు, అప్పటికి అందులో డబ్బుండాలి. రోడ్డు మీద తిరిగే మనిషికి ఇది చాలదు, టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే డబ్బొచ్చే ఉత్త ప్రాణ బీమా, కూడా కావాలి. ముందు ఇదైనా ఉండనివ్వండి.

గుణుపురం కిరాణా:

చీటీ గురించి నేను చెబుతాను, పదేళ్లుగా వేస్తున్నాను. చీటీ అప్పు కావలసినవాడికి మంచిది. కొట్లోకి ఫ్రిజ్జు కావలసి వచ్చి మూడో నెలలో లక్ష చీటీని 76 వేలకు పాడుకున్నాను. బ్యాంకు నాకు అంత తొందరగా ఇచ్చేది కాదు. మీకు అప్పు అక్కర్లేదు. దాచుకునేవాళ్లు చివరిదాకా ఆగితేనే లాభం, ముందే చీటీ పాడుకుని డబ్బు తీసుకున్నవాళ్లు కట్టడం మానేసేదీ ఆ చివరి నెలల్లోనే. 1982 చట్టం ప్రకారం చీటీ రిజిస్టర్ కావాలి. మీ వీధిలోది నోటుపుస్తకం చీటీయే అయ్యుంటుంది. తేడా వస్తే ఆ పుస్తకం పట్టుకుని ఎక్కడికెళతారు?

సూరత్‌లో బరంపురం:

అక్కా, తాతగారు చెప్పాక నేను చెప్పేది తక్కువే. ఉన్న లక్షా పదివేలలో సగం పైగా ఎఫ్‌డి వేసి దాని సంగతే మర్చిపోండి. మిషను పాడైనా, ఆటో ఇంజను పోయినా అదే ఆదుకుంటుంది. చేబదులు అడిగితే "ఎఫ్‌డిలో ఉంది" అనొచ్చు, అబద్ధమూ కాదు.

తర్వాత వీలైతే నెలకు వెయ్యితో నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్‌లో, అంటే 50 పెద్ద కంపెనీల షేర్లు కొనే ఫండ్‌లో, సిప్ (నెలనెలా కొంత వేసే పద్ధతి) పెట్టండి, ఏజెంటు కమిషన్ లేని డైరెక్ట్ ప్లాన్‌లో. ఏడెనిమిదేళ్లు ముట్టుకోనని అనుకుంటేనే. 2020లో జనవరి నుంచి మార్చికల్లా నిఫ్టీ 38 శాతం పడిపోయింది. మిల్లు మూసేసి, రూములో ఎనిమిది మందిమి ఉండిపోయిన రోజులు. భయపడి మొత్తం తీసేశాను. ఏడాది తిరిగేసరికి మార్కెట్ పైకి లేచింది, నేను బయట ఉండి చూస్తూ కూర్చున్నాను. ఆ దెబ్బ మీకొద్దు.

ఇంకొకటి. పాన్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మనవాళ్లకు ఇంటిపేరు ముందు, ఒడిశా ఆఫీసుల్లో దాన్ని తీసుకెళ్లి చివర పెడతారు. నా పేరు ఒక దాంట్లో తిరగబడి ఉండి కేవైసీ (గుర్తింపు కాగితాల తనిఖీ) రెండుసార్లు తిప్పికొట్టారు.

జాకెట్టుమిషన్, పర్లాకిమిడి:

మీ అందరికీ చాలా థాంక్స్. కవరు కోసం ఇల్లంతా వెతికాను. చెత్తలో వేశానేమోనని గుండె ఆగినంత పనైంది, చివరికి పాప డ్రాయింగు పుస్తకంలో దొరికింది. వెనకాల నెమలి బొమ్మ గీసింది. ముద్ర మీద తారీఖు చూస్తే అప్పటికి పంతొమ్మిది రోజులు. బాండు మొత్తం మా ఆయనతో చదివించాను, రైడర్ లేదు. అది విన్నాక ఆయనే ఆటో తీసి బ్రాంచికి వెళ్లి కాగితం ఇచ్చి వచ్చారు. రసీదు నా దగ్గరుంది.

తాతగారూ, సుకన్య ఫారం తెచ్చుకున్నాను. పాప బర్త్ సర్టిఫికెట్‌లో మా ఇంటిపేరు చివరే ఉంది, సూరత్ తమ్ముడు చెప్పినట్టే. పోస్టాఫీసాయన ఆధార్‌లోనూ అలాగే ఉంటే చాలన్నాడు. ఏటా 30 వేలు ఒకేసారి కాకుండా, పెళ్లిళ్ల సీజనులో ఎక్కువ, మూఢంలో తక్కువ వేద్దామనుకుంటున్నాను. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్లకు ఇచ్చే సుభద్ర పథకం డబ్బు రాఖీ పున్నానికి, మహిళా దినోత్సవానికి 5 వేల చొప్పున పడుతోంది కదా, ఇప్పటిదాకా అది ఎటు పోయిందో తెలియదు. ఇకనుంచి పడ్డది పడ్డట్టు పాప ఖాతాకే. రెండు బీమాలకూ ఇద్దరం రాసిచ్చాం. 60 వేలు ఎఫ్‌డి. చీటీ వద్దన్నాను. సిప్ మాత్రం ఇప్పుడే కాదు తమ్ముడూ, ముందు ఆ పేరు సంగతి తేలనివ్వు.

బావగారికి మా ఆయన ఫోన్ చేసి చెప్పారు. "సరే, మీ ఇష్టం" అని పెట్టేశారట. అప్పటినుంచి మళ్లీ ఫోన్ లేదు. నిన్న మాత్రం బావగారి భార్య, మా తోడికోడలు అక్క, ఆటోలో జాకెట్టు గుడ్డ పంపించింది, కొలతలు పాతవే అని.