ఇన్‌హేలర్ మొదలుపెట్టాక పాప నాలుక మీద తెల్లపూత

పాపకి ఐదేళ్లు. ఆయాసానికి మూడు నెలలుగా బుడెసొనైడ్ (స్టెరాయిడ్ మందు) ఇన్‌హేలర్, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం), మాస్క్‌తో రెండు పూటలా ఇస్తున్నాం. దగ్గు తగ్గి రాత్రిళ్లు హాయిగా పడుకుంటోంది. కానీ నిన్న పళ్లు తోముతుంటే బుగ్గల లోపల, నాలుక మీద పెరుగు తరకల్లా తెల్లగా కనిపించింది. గుడ్డతో తుడిచినా పోలేదు. పప్పన్నం కూడా మంటంటోంది. అత్తయ్యగారేమో "స్టెరాయిడ్ కదమ్మా, పిల్ల ఎత్తు పెరగదు, ఆపెయ్" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ అంతట మీరు ఆపకండమ్మా. మా బాబుకీ వచ్చింది, అది ఫంగస్. డాక్టర్ నోట్లో వేసే చుక్కలు రాశారు, వారంలో పోయింది. నిద్రలో మందు పట్టి నోరు కడగకుండా అలాగే పడుకోబెట్టేవాళ్లం, అదే మా పొరపాటు. ఇప్పుడు పళ్లు తోమే ముందే ఇస్తున్నాం. పుక్కిలించి ఉమ్మేస్తాడు. మాస్క్ ఆనిన చోట తడిగుడ్డతో తుడుస్తాను.

జవాబు: ఎత్తు సంగతి. అమెరికా, కెనడాల్లో ఇదే మందు రోజూ 400 మైక్రోగ్రాములు నాలుగైదేళ్లు వాడిన పిల్లలు పెద్దయ్యాక, వాడనివాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువున్నారని 2012లో తేలింది. అంతే. ఆయాసం అదుపు తప్పితే ప్రాణానికే ప్రమాదమని అత్తయ్యగారికి నెమ్మదిగా చెప్పండి.

అడిగినవారు: మేమూ నిద్రలోనే పడుతున్నామండీ! రేపే డాక్టర్‌కి చూపిస్తాం.