అప్‌డేట్: అమ్మ గ్రీన్‌కార్డు, నాకు లేని బర్త్ సర్టిఫికెట్

సిటిజన్‌షిప్ వచ్చింది, అమ్మకి ఐ-130 (గ్రీన్‌కార్డు కోసం దగ్గరి బంధువుల తరఫున వేసే పిటిషన్) వేద్దామంటే, ఆవిడ నా తల్లేనని చూపడానికి పల్లెలో పుట్టిన నాకు బర్త్ సర్టిఫికెట్ లేదు, ఏం చెయ్యాలని అడిగాను కదా. స్టేట్ బార్ (రాష్ట్ర లాయర్ల సంస్థ) వెబ్‌సైట్‌లో లైసెన్సు సరిచూసుకుని డాలస్‌లో ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని కలిశాను. ఎంత ఓపిగ్గా చెప్పారో ఆవిడ!

ముందు, పుట్టుక నమోదు కాలేదని మన పంచాయతీ నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తేవాలి. తర్వాత స్కూలు రికార్డులు. నా టెన్త్ మెమోలో నాన్న పేరొక్కటే ఉంది, అమ్మ పేరు లేదు, అందుకని అఫిడవిట్లే కీలకమట. నేను పుట్టినప్పటి సంగతి స్వయంగా తెలిసినవాళ్లు ఇద్దరు ఇవ్వాలి; అమ్మదీ నాదీ లెక్కలోకి రావు. పెద్దమ్మ, మేనమామ సంతకాలు పెడుతున్నారు.

డబ్బిస్తే పాత తేదీతో సర్టిఫికెట్ పుట్టిస్తామనే ఏజెంట్ల జోలికి దయచేసి వెళ్లకండి, దొంగ కాగితం బయటపడితే అమ్మకి అమెరికా దారే మూసుకుపోవచ్చు. పంచాయతీ కాగితం రాగానే ఫైల్ చేస్తున్నాం.