తూర్ చుట్టుపక్కల అమ్మతో నడవడానికి నది ఒడ్డు దారులు చెప్పండి

తూర్‌కి కొత్తగా వచ్చినవాణ్ణి:

అందరికీ నమస్కారం. జనవరిలో ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లోని తూర్ వచ్చాం. మే మొదటివారంలో మా అమ్మ వస్తోంది, మూడు నెలలు ఉంటుంది. రాజమండ్రిలో రోజూ పొద్దున్నే గోదారి గట్టు మీద నడిచే మనిషి. మెట్లు, ఎత్తులు మాత్రం మోకాళ్ళకి పడవు. కారు లేదు. కోటలు ఒకటో రెండో చూపిస్తాం గానీ, నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఆవిడకి తోచదు. పల్లెల్లో, నది పక్కన, గంటన్నర రెండు గంటలు ప్రశాంతంగా నడిచే దారులు కావాలి. నా ఫ్రెంచ్ ఇంకా బోంజూర్ (నమస్కారం), మెర్సీ (థాంక్స్) దగ్గరే ఉంది.

తూర్‌లో స్థిరపడిన అక్క:

తమ్ముడూ, అమ్మకి సరైన ఊరే దొరికింది. కోటల పేర్లు చూసి దారి ఎంచుకోకు. రైలు ఎక్కడ ఆగుతుంది, అక్కణ్ణుంచి నది ఎంత దూరం, సాయంత్రం వెనక్కి రైలు ఎన్నింటికి, ఈ మూడూ ముందు చూసుకో. చిన్న స్టేషన్లలో మధ్యాహ్నం పూట మూడు గంటలపాటు ఒక్క రైలూ ఉండకపోవచ్చు. ఇక్కడి రైల్వే సంస్థ ఎస్‌ఎన్‌సీఎఫ్ యాప్‌లో తిరుగు రైలు ఖాయం చేసుకున్నాకే ఇల్లు కదులు.

మొదటిసారి ఆంబ్వాజ్ తీసుకెళ్ళు. తూర్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు, రైళ్ళకి కొదవ లేదు. స్టేషన్ ల్వార్ నదికి ఉత్తరాన ఉంటుంది, ఊరూ కోటా దక్షిణాన. మధ్యలో ఒక లంక, దాని పేరు ఇల్ దోర్. వంతెన సగం దాటి ఆ లంకలోకి దిగితే చెట్ల నీడ, పచ్చిక, ఎదురుగా కోట మొత్తం. లంక చుట్టూ తిరిగి, ఊళ్ళోకి దాటి, ఒడ్డు వెంబడి ఓపిక ఉన్నంత దూరం వెళ్ళి రావచ్చు. అంతా చదును. లియొనార్డో డా విన్చీ 1519లో పోయింది ఈ ఊళ్ళోనే. ఆయన చివరి రోజులు గడిపిన క్లో ల్యూసే ఇల్లు చూడాలంటే ఊళ్ళో కాస్త ఎత్తు ఎక్కాలి, అది అమ్మ మోకాళ్ళని బట్టి చూసుకో.

నాకు అన్నిటికన్నా ఇష్టం షేర్ నది. ల్వార్ పెద్దది, ఎండకి నీడ తక్కువ. షేర్ ఒడ్డున పాత పడవల దారి ఉంది, ఒకప్పుడు పడవల్ని తాళ్ళతో లాగిన బాట. అందుకే ఎక్కడా ఎత్తు పెరగదు. తూర్ నుంచి వియెర్జోన్ వైపు వెళ్ళే లైన్‌లో బ్లేరే-లా-క్రువా అనే స్టేషన్ ఉంది. దిగి, వంతెన దాటి, బ్లేరే వైపు ఒడ్డుకి వెళ్ళు. పొడవాటి చెట్ల వరసలు, గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళు, అప్పుడప్పుడూ ఒక సైకిల్.

ఈ నదిలో పాతకాలం ఆనకట్టలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఒకచోట ఆగి అమ్మకి దగ్గరగా చూపించు. గోడ కట్టలేదు. మనిషికన్నా పొడవైన చెక్క కడ్డీలు పక్కపక్కన నిలబెట్టి నీళ్ళు ఆపుతారు. ఒక్కొక్క కడ్డీని చేత్తో పెట్టాలి, వరద వచ్చేముందు చేత్తోనే తియ్యాలి. సందుల్లోంచి సన్నగా నీళ్ళు చిమ్ముతుంటాయి, ఆ చప్పుడు దూరం నుంచే వినిపిస్తుంది. ఇలాంటిది సివ్రే ఊరి దగ్గర ఉంది.

అదే లైన్‌లో ఇంకా ముందుకెళితే షెనాన్సో. స్టేషన్ కోట గేటు ముందే. టిక్కెట్టు కొని లోపల చూడు, చూడాల్సిన కట్టడమే. కానీ నడకకోసం వెళితే కోటవైపు వెళ్ళకుండా తూర్పుగా షిస్సో ఊరి దాకా నడిచి, అక్కడ వంతెన మీద నది దాటి, అవతలి ఒడ్డు మీదుగా వెనక్కి రా. నది మీద నిలబడ్డ కోట అక్కణ్ణుంచే పూర్తిగా కనిపిస్తుంది, టిక్కెట్టు అక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 నుంచి 42 దాకా, ఇక్కడ ఈ షేర్ నదే జర్మన్ల ఆక్రమణ ప్రాంతానికీ మిగతా ఫ్రాన్స్‌కీ సరిహద్దు. కోట తలుపు ఒక ఒడ్డున, పొడవాటి హాలు చివర తలుపు ఇంకో ఒడ్డున. ఆ హాలు గుండా మనుషుల్ని దొంగతనంగా దాటించారు. అవతలి ఒడ్డున నిలబడి ఆ తలుపు చూస్తూ అమ్మకి చెప్పు, ఊరికే అందంగా ఉందనుకోవడంకన్నా అది గుర్తుంటుంది. వచ్చిన దారినే స్టేషన్‌కి తిరిగితే మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు అవుతుంది, కాబట్టి మొదటి వారంలో వద్దు, కాళ్ళు అలవాటయ్యాక.

సోమ్యూర్ నుంచి:

అక్క చెప్పినవన్నీ నిజం. ఎప్పుడైనా కారు దొరికిన రోజు మా వైపు రండి. కాండ్-సాన్-మార్తాన్ దగ్గర వియెన్ నది ల్వార్‌లో కలుస్తుంది. రెండు రంగుల నీళ్ళు కొంతదూరం పక్కపక్కనే నడుస్తాయి. పక్క ఊరు మొంసొరో, కిలోమీటరు దూరం ఉంటుందేమో, కోట నది ఒడ్డునే ఉంటుంది. రెండు ఊళ్ళ మధ్య ఒడ్డు మీద నడక అమ్మగారికి హాయిగా ఉంటుంది. కాండ్ చర్చి వెనక కొండెక్కితే సంగమం ఇంకా బాగా కనిపిస్తుంది గానీ ఆ వాలు ఆవిడకి వద్దు, మీరు ఎక్కి ఫోటో తీసి చూపించండి. ఈ వైపు తెల్లటి మెత్తని సున్నపురాయిని తొలిచి గుహల్లో ఇళ్ళు చేసుకున్నారు. కిటికీకి పరదా, గుమ్మం ముందు పూలకుండీ, పైన కొండ. చాలావాటిలో ఇప్పటికీ మనుషులు ఉంటున్నారు, కాబట్టి గుమ్మాల్లోకి తొంగి చూడకండి.

ఒక్కమాట గట్టిగా చెబుతున్నాను. వేసవిలో ల్వార్ తగ్గి ఇసుక మేటలు తేలతాయి, అచ్చం మన గోదారి లంకల్లాగే. అమ్మగారికి దిగి కాళ్ళు తడుపుకోవాలనిపిస్తుంది. దిగనివ్వకండి. ఇసుక కింద గుంటలు, సుడులు ఉంటాయి, చాలాచోట్ల స్నానం నిషేధం. ఆ మేటల మీద టెర్న్ అనే చిన్న నదీ పక్షులు ఆఫ్రికా నుంచి వచ్చి గుడ్లు పెడతాయి. గుడ్లు గులకరాళ్ళ రంగులోనే ఉంటాయి, కాలికింద పడ్డా తెలీదు. బోర్డు ఉన్నా లేకపోయినా వసంతం నుంచి ఆగస్టు దాకా ఒడ్డు మీదే ఉండండి.

ఒర్లియాన్ నుంచి:

దారి గుర్తుల గురించి ఎవరూ చెప్పలేదు, భాష రానివారికి అదే ఆధారం. చెట్లమీద, స్తంభాలమీద రంగుగీతలు ఉంటాయి. ఒక్క పసుపు గీత అంటే చిన్న దారి, మీకు కావాల్సింది ఇదే. తెలుపు, ఎరుపు గీతలు ఒకదాని కింద ఒకటి ఉంటే అది జీఆర్, రోజులతరబడి నడిచే పెద్ద దారి. గీత పక్కకి వంగితే మలుపు. ఎక్స్ ఆకారంలో ఉంటే ఆ వైపు వెళ్ళకూడదు. కాసేపు నడిచినా గీత కనపడకపోతే చివరిసారి చూసినచోటికి వెనక్కి రండి. ఫ్రాన్స్‌లో ఈ జీఆర్ దారులు మొదలైందే మా ఊరి దగ్గర ల్వార్ ఒడ్డున, 1947లో, జీఆర్ 3 మొదటి ముక్కతో. ఇప్పటికీ ఆ గీతలు కొత్తగా వేసేది స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. మ్యాప్ కావాలంటే ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ వాళ్ళ 1:25000 తీసుకోండి, ఒక సెంటీమీటరు అంటే నేలమీద 250 మీటర్లు.

చలికాలంలో, వానలు పడ్డాక వెళ్ళేటప్పుడు విజీక్రూ అనే వరద హెచ్చరికల సైట్‌లో నది మట్టం చూడండి. ఒడ్డు దారులు మునుగుతాయి.

యానాం కుటుంబం, ప్యారిస్ దగ్గర:

బాబూ, దారిలో ఎవరు ఎదురైనా ముందు మీరే బోంజూర్ చెప్పండి, అమ్మగారిచేత కూడా చెప్పించండి. పల్లెల్లో దానికి చాలా విలువ. ఆ ఒక్క మాటకే దారి చూపించినవాళ్ళు, తోటలోంచి చెర్రీపళ్ళు కోసిచ్చినవాళ్ళు నాకు తెలుసు. అడక్కుండా ద్రాక్షతోటల్లో ఒక్క గుత్తి కూడా తెంపకండి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా వేట కాలం. ఆదివారాలు అడవి అంచున తిరగకుండా ఊరి దగ్గరి ఒడ్డునే ఉండి, దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపించే నారింజో ఎరుపో వేసుకోండి. అమ్మగారు వెళ్ళిపోయాక మీరిద్దరూ నడిచేటప్పుడు ఇది పనికొస్తుంది.

తూర్‌కి కొత్తగా వచ్చినవాణ్ణి:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. అక్కా, రెండు సందేహాలు. ఆవిడకి షుగరు ఉంది, దారిలో తిండి దొరుకుతుందా? రైలు లేకుండా ఇంకా దగ్గర్లో ఏమైనా ఉందా?

తూర్‌లో స్థిరపడిన అక్క:

తిండి ఇంటినుంచే పట్టుకెళ్ళు. పల్లెల్లో బేకరీ వారానికి ఒకరోజు మూసేస్తారు, చాలాచోట్ల సోమవారం. మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే కొట్లు కట్టేస్తారు, ఆదివారం మధ్యాహ్నం అసలు ఏమీ ఉండదు. రెండు చపాతీలు, పెరుగన్నం డబ్బా, ఒక అరటిపండు, జేబులో చాక్లెట్ ముక్క. మంచినీళ్ళు అయిపోతే ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది, ఇక్కడ నడిచేవాళ్ళు అక్కడే పట్టుకుంటారు. అమ్మ ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకు, ఒక సీసా ఎక్కువ మొయ్యి. ‘నాన్ పొతాబ్ల్’ అని రాసున్న కుళాయి నీళ్ళు తాగకూడదు. గడ్డిలో కూర్చుంటే ఇంటికొచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనక, నడుము దగ్గర పిడుదులు ఉన్నాయేమో చూడు. ఫార్మసీలో తీర్-తీక్ అనే చిన్న కొక్కెం అమ్ముతారు, దాంతో తిప్పుతూ తియ్యాలి, లాగకూడదు. ఆ చోట ఎర్రగా వలయంలా పాకితే డాక్టరు దగ్గరికి. ఏదైనా అత్యవసరమైతే 112, అంబులెన్సు 15.

రైలు లేకుండా అంటే సావోన్నియెర్ వెళ్ళు, ఊరి ఫిల్ బ్లూ బస్సు ఉంది. అక్కణ్ణుంచి షేర్ ఒడ్డున విలాండ్రీ దాకా మూడు నాలుగు కిలోమీటర్లు, నున్నటి దారి. అది సైకిళ్ళ దారి కూడా, కాబట్టి అమ్మని నదివైపు నడిపించి నువ్వు బయటివైపు ఉండు. సావోన్నియెర్‌లో పాతకాలం చదునడుగు చెక్కపడవలు కట్టేసి ఉంటాయి, కూర్చోవడానికి బెంచీలున్నాయి. ఒకవైపు నడిచి విలాండ్రీలో బస్సెక్కితే చాలు.

మేలో వస్తున్నారు కాబట్టి చివరిగా ఇది రాసుకో. మే 1, మే 8, ఆసెన్షన్ అనే క్రైస్తవ పండుగ గురువారం సెలవులు. ఆ రోజుల్లో రైళ్ళూ బస్సులూ ఆదివారం టైముల్లో నడుస్తాయి, మే 1న చాలా ఊళ్ళలో సిటీ బస్సులే ఉండవు. ఆ వారం ఆంబ్వాజ్ తీసుకెళ్ళు, బస్సు అవసరం పడదు. రైలు టైము మాత్రం ముందురోజు రాత్రి మళ్ళీ ఒకసారి చూసుకో.