పేద దేశాలకి ఆటల సంస్కృతి ఇప్పుడే కావాలా, తర్వాత చూసుకోవచ్చా?

నిలకడ
సూటిగా అడుగుతున్నా. ఆసుపత్రిలో మంచాలు చాలక, బడిలో టీచర్లు చాలక నడుస్తున్న దేశాలు ఆటల మీద డబ్బు పెట్టడం న్యాయమేనా? బ్రెజిల్ 2014 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ కోసం అమెజాన్ అడవి మధ్య ఉన్న మనౌస్‌లో 40 వేల పైచిలుకు సీట్లతో స్టేడియం కట్టింది. ఆ కప్‌లో అక్కడ జరిగినవి 4 మ్యాచ్‌లు. టాప్ లీగ్‌లో ఆడే క్లబ్ ఆ ఊళ్ళో అప్పటికి ఒక్కటి కూడా లేదు. ఆ భారం మోసేది ఎవరు, టికెట్ కొనుక్కుని లోపలికి పోలేనివాళ్ళే కదా. ముందు తిండి, చదువు, వైద్యం. ఆటలు తర్వాత.

పరుగుల_సుధ
నిలకడ గారూ, స్టేడియం వేరు, ఆటల సంస్కృతి వేరు, మీరు మొదట్లోనే రెండూ కలిపేశారు. జమైకా చూడండి, చిన్న ద్వీపం, డబ్బున్న దేశమేం కాదు, అక్కడ 1910 నుంచి హైస్కూల్ పిల్లల అథ్లెటిక్స్ పోటీలు జరుగుతున్నాయి, చాంప్స్ అంటారు, బడిపిల్లల పరుగు చూడ్డానికి నేషనల్ స్టేడియం నిండిపోతుంది, ఎవరి బడి జెండా వాళ్ళు పట్టుకుని అరుస్తారు. బోల్ట్ ఆ పోటీల్లో పరిగెత్తి వచ్చినవాడే, 2009లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తడం ఊరికే రాలేదు. ఇక వైద్యం అన్నారు కాబట్టి, పిల్లలకి రోజుకి 60 నిమిషాలు ఒళ్ళు కదలాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. 11 నుంచి 17 ఏళ్ళ వాళ్ళలో 81 శాతం మందికి అది లేదు, ఆడపిల్లల్లో 85. షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఉండేది పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే. మీరు చెప్పిన ఆ ఆసుపత్రి మంచాలు ఎవరితో నిండుతున్నాయో ఒకసారి ఆలోచించండి.

కొత్తసభ్యుడు_9
ఇథియోపియా అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కాళ్ళకి ఏమీ లేకుండా మారథాన్ గెలిచాడు. పట్టుదల ఉంటే సౌకర్యాలతో పనిలేదు, అసలు డబ్బు చర్చే అనవసరం అని నా అభిప్రాయం.

పాత_గోల్‌కీపర్
బ్రదర్, ఈ బికిలా కథ సగమే చెప్తారు అందరూ. ఆయన చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు, నెలనెలా జీతం ఉంది, ఒన్ని నిస్కానెన్ అని స్వీడన్ నుంచి వచ్చిన కోచ్ ఉన్నాడు. షూస్ దొరక్క కాదు, ఉన్నవి కాలికి సరిపడక ఒట్టికాళ్ళతో దిగాడు. 1964 టోక్యోలో షూస్ వేసుకునే మళ్ళీ గెలిచాడు, అది ఎవరూ చెప్పరు.

కొత్తసభ్యుడు_9
ఏదైనా రోమ్‌లో ఒట్టికాళ్ళే కదా.

పాత_గోల్‌కీపర్
కాళ్ళు కాదు బ్రదర్ నేను చెప్పేది, జీతం. నెల తిరిగేసరికి తిండికి వెతుక్కునే పని లేదు కాబట్టి రోజూ పరిగెత్తగలిగాడు.

నిలకడ
చూశారా, గోల్‌కీపర్ గారు నా మాటే చెప్పారు. వెనక సైన్యం జీతం ఉంది. ఆ జీతం లేని పిల్లాడి సంగతేంటి? కెన్యాలో ఇటెన్ అని సుమారు 2400 మీటర్ల ఎత్తులో చిన్న ఊరుంది, తెల్లారకముందే ఎర్రమట్టి దారిలో వందలమంది పరిగెడతారు. అక్కడ శిక్షణ తీసుకున్న రుడీషాని ప్రపంచం చూసింది, 2012 ఒలింపిక్స్‌లో 800 మీటర్లు 1 నిమిషం 40.91 సెకన్లు. పక్కన పరిగెత్తిన మిగతావాళ్ళ పేర్లు ఎవరన్నా చెప్పగలరా? పశ్చిమ ఆఫ్రికాలో ఫుట్‌బాల్ ట్రయల్స్ అని చెప్పి, ఇంట్లోవాళ్ళ దగ్గర డబ్బు గుంజి, పిల్లల్ని యూరప్ తీసుకెళ్ళి నడిరోడ్డు మీద వదిలేసే దొంగ ఏజెంట్లు ఉన్నారు. ఇదంతా ఆటల సంస్కృతి లెక్కలోకి రాదా?

లెక్కల_సార్
నాదొక మాట. పరీక్షల ముందు ఆటల పీరియడ్ నేనూ తీసుకున్నాను, ఒప్పుకుంటున్నా. సిలబస్ అవ్వకపోతే తల్లిదండ్రులు వచ్చి అడిగేది నన్ను, పీఈటీ సార్‌ని కాదు.

పరుగుల_సుధ
సార్, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఆ ఒక్క పీరియడే నాకు మిగిలింది. ఎనిమిదో తరగతిలో శుక్రవారం ఆఖరి పీరియడ్, పీఈటీ సార్ డబ్బాలో సున్నం పోసి ట్రాక్ గీసేవారు, గీత ఎప్పుడూ రెండో మలుపు దగ్గర వంకరపోయేది, ఆ వంకర దగ్గర లోపలికి తిరిగితే ఒక అడుగు కలిసొస్తుందని నాకొక్కదానికే తెలుసు. ఆ ఏడాది సగం నుంచి శుక్రవారం లెక్కలైపోయింది. తర్వాత ఏడాది ఇంట్లో, పెద్దదానివయ్యావు ఇంక గ్రౌండ్‌కి వద్దన్నారు. అంతే. పాతికేళ్ళ తర్వాత డాక్టర్ బీపీ చూసి, రోజూ నడవండమ్మా అన్నారు. నడవమని చీటీ రాయించుకోవాల్సి వచ్చింది నేను, అందరికంటే ముందు పరిగెత్తిన దాన్ని! నిలకడ గారేమో ఆటలు తర్వాత అంటున్నారు. ఎప్పుడండీ ఆ తర్వాత? అన్నీ సరిపడా ఉన్న ఇంట్లో కూర్చుని పేదలకి ఏది ముందో చెప్పడం చాలా తేలిక.

నిలకడ
మేడమ్, నా ఇల్లు మీకు తెలీదు. చెప్పకూడదనుకున్నా, చెప్తున్నా. మా తమ్ముడిని పన్నెండో ఏట స్పోర్ట్స్ హాస్టల్‌కి తీసుకెళ్ళారు, వాలీబాల్. వీడి ఎత్తు చూడండి, దేశానికి ఆడతాడు అన్నారు. నాన్న మురిసిపోయాడు. పొద్దున నాలుగున్నరకి లేపేవాళ్ళు, క్లాసులో నిద్రపోయేవాడు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, ఆడితే చాలు. పంతొమ్మిదో ఏట మోకాలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్‌కి ఆ హాస్టల్ నుంచి ఒక్క పైసా రాలేదు, నెల తిరక్కుండా వాడి మంచం ఇంకో కుర్రాడికి ఇచ్చారు. డిగ్రీ లేదు. సర్టిఫికెట్లు మాత్రం ఒక ఫైలు నిండా ఉన్నాయి. మీరు సంస్కృతి అన్న ప్రతిసారీ నాకు ఆ ఫైలు కనపడుతుంది.

లెక్కల_సార్
ఇది మొదటి పోస్ట్‌లోనే రాసుంటే చర్చ వేరేలా ఉండేది బాబూ.

పరుగుల_సుధ
ఆ చివరి మాట వెనక్కి తీసుకుంటున్నానండీ, తప్పే. కానీ ఒకటి చూడండి, మీ తమ్ముడిది, నాది ఒకటే గొడవ కాదు. అతన్ని ఆటే మొత్తం చెయ్యమన్నారు, నన్ను అసలే వద్దన్నారు. నేను అడిగేది శుక్రవారం పీరియడ్. మొరాకోలో నవాల్ ఎల్ ముతవకెల్ 1984 ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ గోల్డ్ కొట్టింది, తర్వాత కాసాబ్లాంకాలో ఆడవాళ్ళ కోసమే ఒక పరుగు పెట్టించింది, వేలమంది వస్తారు. వాళ్ళకి మెడల్‌తో పనిలేదు, రోడ్డు మీదకి వచ్చి పరిగెత్తడమే కావాలి.

పాత_గోల్‌కీపర్
నైరోబీ మథారే బస్తీలో 1987 నుంచి మైసా అని ఒక సంస్థ నడుస్తోంది. పిల్లల ఫుట్‌బాల్ లీగ్. బస్తీలో చెత్త ఎత్తిన టీమ్‌కి లీగ్ టేబుల్‌లో పాయింట్లు కలుస్తాయి, మ్యాచ్ గెలిచినట్టే. బాధ్యత తీసుకుని పనిచేసిన పిల్లలకి స్కూల్ ఫీజు కడతారు. చదువు మానేసి ఆడమనరు. ఇలాంటిది కూడా వద్దంటారా నిలకడ గారు?

నిలకడ
అక్కడా మథారే యునైటెడ్ అని ప్రొఫెషనల్ క్లబ్ పుట్టింది కదా, 2008లో కెన్యా లీగ్ కూడా గెలిచింది. అంటే అందులోంచి కొంతమందిని ఏరారు. నా భయం అక్కడే. పోటీ పెడితే ఎవరో వచ్చి ఏరతారు, ఏరితే మిగతావాళ్ళు మిగిలిపోతారు. ఊరికే ఆడుకునే ఆట మీద నాకు కోపం ఎప్పుడూ లేదు.

పరుగుల_సుధ
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఆ వంకర గీత దగ్గర నేను లోపలికి తిరిగింది గెలవాలనే. గెలుపు తీసేసి ఊరికే ఆడుకోమంటే పిల్లలు రెండోరోజు రారు. ఫిజీ జనాభా దాదాపు 9 లక్షలు, 2016లో రగ్బీ సెవెన్స్‌లో, అంటే ఏడుగురేసి ఆడే రగ్బీలో, బ్రిటన్ మీద 43-7తో గెలిచింది, ఆ దేశానికి అదే మొదటి ఒలింపిక్ మెడల్. రోజూ సాయంత్రం ఊరూరా పోటీపడి ఆడే పిల్లలు లేకపోతే ఆ టీమ్ ఎక్కడినుంచి వస్తుంది?

నిలకడ
అయితే పన్నెండేళ్ళ పిల్లాడిని తీసుకెళ్ళే ప్రతివాళ్ళూ చదువు ఖర్చు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ముందే కాగితం మీద రాసిచ్చి తీసుకెళ్ళాలి. అది లేనంతవరకు నేను ఇంకో గ్రౌండ్‌కి కూడా సరే అనను.

పరుగుల_సుధ
కాగితం కోసం నేనూ మీతో పాటు అడుగుతా. గ్రౌండ్ మాత్రం దానికోసం ఆపొద్దు. అక్కడ ఆడాల్సిన ఆడపిల్లకి ఇప్పుడే పదమూడేళ్ళు, కాగితం వచ్చేసరికి ఆ వయసు దాటిపోతుంది.

కొత్తసభ్యుడు_9
నిలకడ గారూ, తమ్ముడుగారు ఇప్పుడు ఏం చేస్తున్నారు?

నిలకడ
గోడౌన్‌లో స్టాక్ లెక్కలు రాస్తాడు. మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టుకీ ముందు ఎడమకాలే పెడతాడు. మా వెనక ఖాళీ స్థలంలో పిల్లలు సాయంత్రం వాలీబాల్ ఆడతారు, వాడు కిటికీ దగ్గర నిలబడి చూస్తుంటాడు, సర్వీస్ తప్పు చేస్తే లోపల్నుంచే చెయ్యి ఎలా తిప్పాలో చూపిస్తాడు. లేచెళ్ళి కిటికీ వేసేది నేనే.