నక్కా, గుంటనక్కా: ఒక్క రాత్రి ఫొటో చూసి తేల్చవచ్చా?

పొలంగట్టు: తేల్చకూడదనే నా వాదన. తోక కొన నల్లగా ఉంది కాబట్టి గుంటనక్కే అంటారు చాలామంది. నక్క తోక కొనా నలుపే కదా! రాత్రి ఫొటోలో రంగు తెలియదు కాబట్టి నక్క కాళ్ల ఎర్రదనమూ అక్కరకు రాదు. ఇక సైజు చూద్దామంటే, సగం ఎదిగిన నక్కపిల్ల పెద్ద గుంటనక్కంత ఉంటుంది.

రేగుపొద: రంగు వదిలేసి తోక పొడవు చూడండి. గుంటనక్కకు ఒంటి పొడవులో సగానికి పైనే ఉంటుంది. నక్కకు ఇంచుమించు మూడో వంతే. గుంటనక్క నింపాదిగా పోయేటప్పుడు తోక వెనకాల వేలాడుతూ వస్తుంది, పరుగందుకుంటే చాపుకుంటుంది, గబుక్కున మలుపు తిరిగితే దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. నక్కపిల్లకు అంత తోక ఎక్కడిదండీ?

రాత్రికాపు: పక్కనుంచి పడితే సరే. ఎదురుగా నడిచొస్తే తోకే కనపడదు. అసలు తప్పంతా, జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాను కట్టడంలో ఉంది. 30 సెం.మీ. ఎత్తులో, నేలకు సమాంతరంగా కట్టాలి. చెట్టు పైన కట్టి కిందికి వంచితే కాళ్లు పొట్టిగా పడి నక్క కూడా గుంటనక్కలా అనిపిస్తుంది. ఫొటో పడ్డాక కెమెరా కదపకుండా, జంతువు నిలబడ్డ చోటే 10 సెం.మీ.కొక గీత గీసిన కర్ర నిలబెట్టి ఇంకో ఫొటో తీయండి. భుజం ఎత్తు 40 వచ్చిందంటే నక్కే. 30 లోపు ఉంటే గుంటనక్క కావచ్చు, అప్పుడు తోక చూడాలి. కర్రను ఓ మూర ముందుకో వెనక్కో పెట్టారా, కొలత మొత్తం తప్పు.

చిత్తడినేల: అడుగుజాడను మరిచిపోతున్నారు. నక్క ముందరి పాదంలో నడిమి రెండు వేళ్ల మెత్తలు వెనకవైపు కలిసిపోయి ఉంటాయి. మెత్తటి తడి బురదలో ఇది స్పష్టంగా పడుతుంది, దుమ్ములో పడదు. ఇసుకలో అంచులు జారి జాడ పెద్దదవుతుంది, అందుకే పై అంచు దగ్గర కాకుండా అడుగున కొలవాలి.

పొలంగట్టు: కర్ర పద్ధతి బాగుంది, ఒప్పుకుంటాను. ఒక్క ఫొటో మాత్రం ఇప్పటికీ చాలదంటాను. గుంటనక్క లేనిచోట ఉందని రాస్తే, అది అక్కడ ఎప్పుడు కనుమరుగైందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

రేగుపొద: రెండో వైపూ చూడండి. గుంటనక్క బతికేది దట్టమైన అడవిలో కాదు, పొట్టి గడ్డి, ముళ్లపొదల మైదానాల్లో. వాటిని బంజరని కొట్టిపారేస్తున్నారు. తోక నిండుగా కనిపించే ఫొటోను కూడా పక్కన పెడితే ఆ నేలకు సాక్ష్యమే ఉండదు. అలాంటిది గుంటనక్కగానే నమోదు చేసి కర్ర ఫొటో జత చేద్దాం. తోక కనపడనివి మాత్రం ‘తేలలేదు’ కిందే ఉంచుదాం.