మెద్వేద్‌లో ఆ ‘వ’ ఎవరిది?

పాతపుస్తకాలు: రష్యన్ ‘మెద్వేద్’ (ఎలుగు) మూల స్లావిక్‌లో *మెద్వేది, ‘తేనె తినేది’ అట. ఇలాంటి మాటే ఋగ్వేదంలో పక్షులకు ఉంది, ‘మధ్వదః’ అని. ముందు ముక్క నాలుక చివర ఆడుతోంది, రావట్లేదు.

గోదారిగట్టు: ‘యస్మిన్ వృక్షే మధ్వదః సుపర్ణాః’. 1.164.22. ‘ద్వా సుపర్ణా’కి రెండు ఋక్కుల అవతలే ఉంది, మాస్టారూ! కానీ ‘తినేది’ దగ్గర నాకు పేచీ. రష్యన్‌లో ‘వేదత్’ అంటే తెలియడం. తేనె జాడ తెలిసినది అనకూడదా?

సంధులవీధి: అది జనం తర్వాత అల్లుకున్న వ్యుత్పత్తండీ. మెదు (తేనె) + ఏద్ (తిను). ఉకారం మీద అచ్చు పడితే వకారం, మన యణాదేశమే. మధు + అద = మధ్వద. ఆ ‘వ’ తేనెదే.

గోదారిగట్టు: అయితే ఉక్రెయిన్ వాళ్లు ‘వెద్మీద్’ అని ‘వెద్’ని ముందుకెందుకు లాగారో?

సంధులవీధి: వర్ణవ్యత్యయం, అక్షరాలు తారుమారవడం. పోలిష్‌లో మొదటి ‘మ’ ఏకంగా ‘న్య’ అయిపోయింది. అంతమాత్రాన వాళ్ల ఎలుగు తేనె మానేసిందా? హంగేరియన్లు స్లావుల దగ్గర అరువు తెచ్చుకుని ‘మెద్వె’ అంటున్నారు.

ఇప్పపూలు: ‘వ’ సంగతి సరే, అసలు పేరేమైంది? మన ఋక్షం, గ్రీకు ఆర్క్తోస్, లాటిన్ ఉర్సుస్ ఒకే కుదురు. స్లావిక్‌లో అది లేదు. అడవిలో దాని పేరెత్తడానికి జంకి మారుపేరు పెట్టుకున్నారని పండితుల మాట. మా ఊళ్లో పాము కరిస్తే ‘పురుగు ముట్టింది’ అనేవాళ్లు.

గోదారిగట్టు: మనం ఋక్షం అని ధైర్యంగా అంటూనే ఉన్నాంగా అక్కా!

ఇప్పపూలు: జాంబవంతుడు మనవాడు కదా, భయమెందుకు?

పాతపుస్తకాలు: రష్యన్‌లో ‘మ్యోద్’ అంటే తేనే, తేనెతో కాచిన మద్యమూనూ. తినడమా తాగడమా అన్నది అక్కడే తేలదు. పోతన గారు మాత్రం తాగించారు: ‘మధుపంబు వోవునె మదనములకు’.

గోదారిగట్టు: ఆ ‘మదనము’ ఉమ్మెత్త అని బళ్లో చెప్పారు. సంస్కృతంలో తేనెమైనం కూడా మదనమే, మరి?

సంధులవీధి: మకరందంలో తేలే తుమ్మెదని మైనం దగ్గరికి పంపుతారా ఎవరైనా? ఉమ్మెత్తే.

గోదారిగట్టు: మైనం దగ్గరికి పోదనేగా ఆయనా అంటున్నది!