ట్రైలర్ ఇంట్లో పూర్తికాలం కాపురం: మన సీమలో సాగుతుందా?

గాలిమర_అనంత
అందరికీ నమస్తే. గాలిమరల మెయింటెనెన్స్‌లో కాంట్రాక్టు పని నాది. కొన్నాళ్లు రామగిరి, కొన్నాళ్లు ఉరవకొండ, తర్వాత ఎక్కడికి పంపితే అక్కడికి. అందుకే ట్రైలర్ ఇల్లు చేయించుకున్నాం. పదిహేను అడుగుల పొడవు, పఫ్ ప్యానెల్ (రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలు) గోడలు, చిన్న వంటగట్టు, మంచం, స్నానానికి ఇరుకు గది. బొలెరో వెనక తగిలించుకుని పోతాం. నేను, నా భార్య అందులోనే ఉంటున్నాం. సామాన్ల కోసం అనంతపురంలో ఉంచుకున్న గది కూడా ఇప్పుడు ఖాళీ చేద్దామని ఉంది. పని దగ్గరే నిద్ర లేస్తాను. అద్దె లేదు, అడ్వాన్స్ లేదు, స్వేచ్ఛగా ఉంది. ఎండ, నీళ్లు మాత్రం కష్టమే. ఇల్లనేది లేకుండా పూర్తిగా ఇట్లాగే ఉండొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

తాడిపత్రి_బండ
ఒక్కటే అడుగుతా. టాయిలెట్ ఎక్కడ ఖాళీ చేస్తారు? వీడియోల్లో సూర్యోదయం చూపిస్తారు, టీ కప్పు చూపిస్తారు, ఆ ట్యాంకు మాత్రం ఎవరూ చూపించరు. మన జిల్లాల్లో దానికంటూ చోటు ఎక్కడైనా ఉందా? వంకలోనో చెరువు గట్టు కిందో పోస్తారు, ఆ నీళ్లే కింది ఊరివాళ్లు తాగాల. దీనికి జవాబు చెప్పి తర్వాత మిగతావి మాట్లాడండి.

బెళుగుప్ప_కుర్రోడు
ఏప్రిల్‌లో లోపల ఎట్లుంటారన్నా? మా రేకుల షెడ్డులోనే నిలబడలేం.

గాలిమర_అనంత
తమ్ముడూ, ఎండ సంగతి వివరంగా చెప్తా, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అందరూ ముందు ఏసీ అంటారు. ఒక టన్ను ఏసీ గంటకు దగ్గర దగ్గర ఒక యూనిట్ లాగుతుంది. పన్నెండు వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేదే 2.4 యూనిట్లు. రెండు గంటలు నడిస్తే బ్యాటరీ అయిపోతుంది, రాత్రి ఇంకా మిగిలే ఉంటుంది. మనకు కలిసొచ్చేది పొడి గాలి. నెల్లూరులోనో బందరులోనో కూలర్ పెడితే ఒళ్లు జిడ్డుగా అవుతుంది తప్ప చల్లబడదు. అనంతపురంలో అదే కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, లాగేది 150 నుంచి 200 వాట్లే. పైన రెండు 400 వాట్ల ప్యానెళ్లు ఉన్నాయి, మన ఎండకు రోజుకు మూడు యూనిట్లు వస్తాయి. రాత్రంతా కూలర్ నడిచినా లైట్లకు, ఫోన్లకు మిగులుతుంది.

కాకపోతే కూలర్‌కు రాత్రికి పాతిక, ముప్పై లీటర్ల నీళ్లు కావాలి. కరెంటు మిగిలితే నీళ్లు ఖర్చు, నీళ్లు మిగిలితే కరెంటు ఖర్చు. మా ట్యాంకు 200 లీటర్లు. నిండితే 200 కిలోల బరువు. ఆ బరువు ట్రైలర్ వెనక భాగంలో ఉందనుకో, హైవే మీద తోక ఊపినట్టు ఊగుతుంది, ముందున్న బండిని కూడా లాగేస్తుంది. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడేట్టు సర్దాలి. అందుకే దూరం పోయేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసుకుని, చేరిన చోట నింపుకుంటాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మాత్రం ఏం చేసినా లోపల ఉండలేం, చింతచెట్టో వేపచెట్టో వెతుక్కోవాల్సిందే. చెట్టు కింద పెడితే ప్యానెళ్లకు ఎండ తగలదు, అదొక తంటా.

తాడిపత్రి_బండ
నేనడిగింది ఎండ గురించి కాదు.

డాలస్_కడపోడు
మాది ప్రొద్దుటూరు, ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటాను. ఇక్కడ ట్రైలర్లలో ఏడాది పొడుగునా ఉండేవాళ్లు చాలామంది. పార్కులుంటాయి, నెల అద్దె కడితే కరెంటు ప్లగ్గు, నీళ్ల పైపు, మురుగు పైపు మూడూ తగిలించుకోవచ్చు. 30 ఆంప్, 50 ఆంప్ అని సాకెట్లు కూడా వేరువేరు. ట్యాంకు ఖాళీ చేయడానికి వేరే స్టేషన్లుంటాయి. అయినా కష్టాలు లేవని కాదు. చలికాలంలో ఉత్తరాన పైపులు గడ్డకడతాయి, టోర్నడో వస్తే ట్రైలర్ వదిలి పరుగెత్తాలి, గోడల సందుల్లో నీళ్లు కారి చెక్క కుళ్లుతుంది. అద్దెలు కట్టలేక ట్రైలర్‌లోకి దిగినవాళ్లూ ఉన్నారు, సరదాగా తిరిగే రిటైర్డ్ జంటలూ ఉన్నారు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే.

తాడిపత్రి_బండ
చూశారా, అక్కడ ఖాళీ చేయడానికి స్టేషన్లున్నాయి. ఇక్కడ లేవు. నేను మొదటి నుంచీ చెప్పేది అదే.

కుందూ_రైతు
మాది కోయిలకుంట్ల వైపు. ఇట్లాంటి బండి ఒకటి పోయిన వానాకాలం మా చేలో దిగింది. అడక్కుండానే పెట్టుకున్నారు. నల్లరేగడి అని వాళ్లకు తెలియదు. రాత్రి వాన పడింది, తెల్లారేసరికి ఇరుసు దాకా కూరుకుపోయింది. ట్రాక్టర్ పెట్టి లాగితే శనగ సాళ్లు రెండు చెడిపోయినాయి. డీజిల్ డబ్బులు కూడా ఇయ్యలేదు. పైగా మా బోరు స్టార్టర్ నుంచి వైరు లాక్కున్నారు. మోటారు కాలిపోతే ఎవరిది పూచీ?

గాలిమర_అనంత
అన్నా, ఆ బండి మాది కాదు. మేము అడక్కుండా ఎక్కడా పెట్టం. రేగడి నేలలో వాన వాసన వచ్చిందంటే అప్పుడే తీసేస్తాం. ఎర్రనేల, గరుగు నేల చూసుకుంటాం. నాలుగు జాకీల కింద నాలుగు కడప బండ ముక్కలు వేస్తాను, రెండంగుళాల మందం. అవి లేకపోతే జాకీ కాలు నేలలోకి దిగి ట్రైలర్ ఒక పక్కకు ఒరుగుతుంది, రాత్రి మంచం మీద నుంచి జారుతూనే ఉంటాం. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి ఎట్లుంటుందో మీకు తెలుసు, మరలు తిరిగేది ఆ గాలికే. ట్రైలర్ ముక్కు గాలికి ఎదురు పెట్టాలి. అడ్డంగా పెడితే రాత్రంతా ఊయలే.

బండ అన్నకు: మాది క్యాసెట్ టాయిలెట్. కింద పెట్టె బయటికి వస్తుంది, ఇరవై లీటర్ల లోపు. ఇద్దరికి రెండు మూడు రోజులు. సైట్ ఆఫీసులో సెప్టిక్ ట్యాంకు ఉంది, అడిగి అందులో పోస్తాను. వంకలో పోయలేదు, పోయను.

తాడిపత్రి_బండ
సైట్ లేని చోట?

గాలిమర_అనంత
పెట్రోలు బంకులో అడుగుతాను. ఒప్పుకోకపోతే మూత వేసి దాచుకుని, ఒప్పుకునే చోటికి తీసుకుపోతాను.

తాడిపత్రి_బండ
అంటే మీ మురుగు ఎప్పుడూ పరాయివాళ్ల ట్యాంకులోకే. సొంత ఇల్లు కట్టినవాడు ట్యాంకు తవ్వించాడు, పన్ను కడుతున్నాడు, నిండితే లారీ పిలిపించి డబ్బులు పోసి తోడిస్తున్నాడు. మీరు వచ్చి అడిగి పోసి పోతారు. దీన్ని స్వేచ్ఛ అంటారు. నాకు పైన రెండు పోర్షన్లున్నాయి. ఒకడు కాంట్రాక్టు ఉద్యోగమని చేరాడు, మీలాగే తిరిగేవాడు. మూడు నెలల కరెంటు బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు. ట్యాంకులో పాత గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు. తోడడానికి వచ్చినవాళ్లే ముక్కు మూసుకున్నారు. మా అమ్మకు ఎనభై ఏళ్లు, ఆ వాసనకు వారం రోజులు అన్నం తినలేదు. అడ్రసు లేని మనిషిని నమ్మితే అంతే. తిరిగేవాడికి ఊరి మీద బాధ్యత ఉండదు.

పెన్న_ఒడ్డు
అడ్రసు లేకపోతే ఓటు పోతుందా అని ఎవరో నన్ను విడిగా అడిగారు. పోదు. ఇల్లు లేనివాళ్లు ఓటరు నమోదు దరఖాస్తు ఫారం 6లో రాత్రి పడుకునే చోటు రాస్తే బీఎల్‌ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి) రాత్రిపూట వచ్చి చూసుకుంటారు, అడ్రసు ప్రూఫ్ అడగరు. అయితే ఒకే చోట ఉండాలి కదా, ట్రైలర్ కదిలితే కష్టం. ఇంకోటి, ట్రైలర్ కూడా చట్టం ప్రకారం మోటారు వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

గాలిమర_అనంత
బండ అన్నా, మీ కిరాయిదారు చేసినదానికి నన్నెందుకంటారు? మా కర్నూలు పడమటి పల్లెల నుంచి ఏడాదికోసారి ఊళ్లకు ఊళ్లు మిరప కోతకు గుంటూరు పోతాయి. టార్పాలిన్ కింద నెలల తరబడి ఉంటారు. వాళ్లకు బాధ్యత లేదా? గొర్రెల మందలు తోలుకుపోయేవాళ్లు చేలల్లో మంద కడితే రైతే ఎదురు డబ్బులిస్తాడు, ఎరువు కోసం. తిరిగేవాళ్లు ఈ సీమకు కొత్తా?

తాడిపత్రి_బండ
వలస పోయేవాళ్లకు గతి లేక పోతారు. మీకేం? జీతం వస్తోంది, బొలెరో ఉంది. ఏ ఊళ్లో అయినా శుభ్రంగా ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు. తీసుకోకుండా డబ్బులు మిగుల్చుకుని, దానికి పెద్ద పెద్ద మాటలు. అసలు ఇల్లెందుకు తీసుకోరు? దానికి చెప్పండి ముందు.

చిత్రావతి_గట్టు
దానికి నేను చెప్తాను. నేను గాలిమర భార్యను. ఆయన చెప్పడు.

ఇల్లెందుకు తీసుకోరు అంటున్నారు. అడిగాం. ఈయనకు పని పడిన ప్రతి ఊళ్లో మొదట ఇల్లే అడిగాం. ఓనరమ్మ మంచినీళ్లిస్తుంది, కూర్చోమంటుంది. పేరు అడుగుతుంది. ఇంటిపేరు అడుగుతుంది. ఊరు అడుగుతుంది. తర్వాత, 'ఆ ఊళ్లో మీ ఇల్లు ఏ పక్క?' అంటుంది. రామాలయం వీధా, చెరువు పక్కా, ఊరి బయటా అని. మేము చెప్పగానే లోపలికి వెళ్లి వస్తుంది. 'మా చెల్లెలు కొడుకు వస్తానన్నాడమ్మా, మరిచిపోయినాను' అంటుంది. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరి కొడుకు వస్తూనే ఉంటాడు. ఒక చోట నేను తాగిన గ్లాసు మాత్రం అరుగు మీదే వదిలేశారు, మిగతావి లోపలికి తీసుకుపోయారు. ఆ రోజు నుంచి ఈయన ఇల్లు అడగడం మానేశాడు. ట్రైలర్ అప్పు చేసి చేయించాడు.

ఇక్కడ స్వేచ్ఛ అని రాసుకుంటే రాసుకోనీ. నాకు మాత్రం ఇది స్వేచ్ఛ కాదు. ఉతికిన చీర ఆరేయడానికి రెండు చెట్లు వెతకాలి. ఒళ్లు బాగాలేని రోజు ఆ ఇరుకు గదిలో తిరగలేను. ఈయన డ్యూటీకి పోతే సాయంత్రం దాకా మనిషి మొహం కనపడదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని పక్కింటామెతో చిక్కుడుకాయలు ఒలుచుకోవాలని ఉంటుంది నాకు. అనంతపురం గది ఖాళీ చేయడం నాకిష్టం లేదు. ఇక్కడ అడిగేముందు నన్ను అడగలేదు.

డాలస్_కడపోడు
అక్కా, ఇది చదివి ఏం రాయాలో తెలియడం లేదు. మా నాన్న ప్రొద్దుటూరులో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఏమడుగుతాడో నాకు తెలుసు. ఈ రాత్రి ఫోన్ చేసి మాట్లాడతాను.

గాలిమర_అనంత
గది ఉంచుతాను. దాని గురించి ఇంట్లో మాట్లాడుకుంటాం. కానీ ఇంకో గుమ్మం ముందు నిలబడి నా ఊరు ఏ పక్కో చెప్పడం నా వల్ల కాదు. ట్రైలర్‌లో ఎండకు మాడతాను, ఆ ప్రశ్నకు జవాబు చెప్పను.

తాడిపత్రి_బండ
అమ్మా, నేను అట్లాంటి ఉద్దేశంతో అనలేదు. నా గొడవ ట్యాంకు గురించి, బాధ్యత గురించి. కులం సంగతి నేను ఎత్తలేదు.

చిత్రావతి_గట్టు
మీరు ఎత్తలేదు అన్నా, నిజమే. మీకు పైన రెండు పోర్షన్లున్నాయన్నారు. ఈయనకు వచ్చే నెల నుంచి తాడిపత్రి పక్కనే పని. బిల్లు ముందే కడతాం, అడ్వాన్స్ ఎంతంటే అంత. ట్యాంకులో గుడ్డపీలిక కూడా పడదు. ఇస్తారా?

కుందూ_రైతు
మా కల్లం గట్టినేల, వాన పడినా దిగబడదు. బోరు పక్కనే, వేపచెట్టు ఉంది. ఈ పక్కకు పని పడితే వచ్చి పెట్టుకోండి. కరెంటుకు మీటరు వేరే పెడతా, దానికి డబ్బులు ఇయ్యండి చాలు. మా ఇంట్లో ఆడవాళ్లున్నారు, పగలు ఒంటరిగా ఉండే పని లేదు.

చిత్రావతి_గట్టు
చాలా సంతోషం అన్నా. ఆ పక్కకొస్తే తప్పకుండా వస్తాం. కానీ నేను తాడిపత్రి అన్న జవాబు కోసం చూస్తున్నాను.

తాడిపత్రి_బండ
ఒక పోర్షన్ ఖాళీగానే ఉంది. నా ఒక్కడి మాట కాదమ్మా, ఇల్లు మా అమ్మ పేరు మీద ఉంది. ఆమె ఏమడుగుతుందో నాకు తెలుసు, మీకూ తెలుసు. అడగొద్దని ఆమెకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆదివారం మా అన్న కూడా వస్తున్నాడు, ఆయన ఎదురుగానే మాట్లాడి ఔనో కాదో ఇక్కడే రాస్తాను. ట్యాంకు విషయంలో మాత్రం నా మాట మారదు.